కనుమరుగగు గురుతులు – ఛాయాచిత్రము

తూర్పు దిక్కునకు సాగు గోదావరి చెన్నూరు వద్ద ఉత్తరవాహినియై ప్రవహించును. ఆ కారణముననే ఈ క్షేత్రమునకు ప్రశస్తి కలిగినది. 2003, 2015 సంవత్సరముల పుష్కరములయందు యాత్రికులు ఇచట స్నానమాడి అంబా అగస్త్యేశ్వరుని సేవించిరి. దేవాలయము శిలానిర్మితము, అది తరతరములు నిలుచును. కాని యాత్రికుల నెక్కించుకొని వచ్చిన కచ్చరపు బండి, ఏరు దాటించిన నాటుపడవ, పొలమునకు నీరు తోడిన మోట, ఊరి పిండిగిర్ని శిలలు కావు. వాని ఆయువు ఒకటి రెండు తరములకు మించదు. అట్టి వాని రూపమును ఉన్నదున్నట్లు నిలుపగల సాధనము ఛాయాచిత్రము.

ఫ్రాన్సు దేశమున డాగేర్ కనుగొనిన విధానము 1839లో లోకమునకు వెల్లడియైనది. హైదరాబాదు రాజ్యమున ఈ కళకు కీర్తి తెచ్చినవాడు లాలా దీన్‌దయాళ్. ఈయన 1844లో మీరట్ సమీపమున సర్దానాలో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరు నందు ప్రభుత్వ నిర్మాణ శాఖలో నక్షాలు గీయు ఉద్యోగమున చేరెను. 1874 ప్రాంతమున కెమెరా చేపట్టెను. పిదప ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన చిత్రకారుడై, రాజా ముసవ్విర్ జంగ్ బిరుదమును పొందెను. కోటలను, మహళ్ళను, వేటలను, సైన్యములనే గాక, కరవు పనులలోని కూలీలను సైతము ఆయన చిత్రించెను. 1905లో ఆయన గతించెను. ఆయన గాజుపలకలలో 2,857 పలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము సేకరించినది. అవి దక్కుటచేతనే నాటి రాజ్యమును నేటివారు కన్నులార చూడగలుగుచున్నారు.

దీన్‌దయాళ్ కెమెరా చేపట్టిన కాలముననే, 1874లో, వాడి నుండి సికింద్రాబాదునకు నిజాము రైలు నడిచెను. 1889 నాటికి ఆ మార్గము బెజవాడను చేరెను. ఉత్తర తెలంగాణమునకు ఆ భాగ్యము ఆలస్యముగా కలిగినది. కాజీపేట–బల్లార్షా మార్గము 1920ల చివర పూర్తియైనది. 1929లో బయలుదేరిన గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్‌తో ఉత్తర దక్షిణ దేశములు ఏకమైనవి. చెన్నూరునకు రైలు రాలేదు. చెన్నూరువారికి మంచిర్యాల స్టేషనే రైలు.

ఆ రైలును నడిపిన బొగ్గు ఈ నేలదే. రామగుండము, మందమర్రి, బెల్లంపల్లి గనులు ఆ పట్టాల ప్రక్కనే వెలసినవి. బొగ్గు మండి, కొలిమిపై నీరు ఆవిరియై, ఆ ఆవిరి బలమున చక్రములు తిరిగెడివి. త్రోవ పొడుగునను ఇంజనుకు నీరు కావలయును గనుక స్టేషనులయందు నీటితొట్లు, నీటిగొట్టములు వెలసినవి. డీజిలు, విద్యుత్తు ఇంజనులు వచ్చినంత అవి వ్యర్థములైనవి. కొలిమిలో బొగ్గు వేయు ఫైర్‌మన్ వృత్తియు అంతరించినది. 1970లో చిత్తరంజన్ కర్మాగారము తన చివరి బ్రాడ్‌గేజి ఆవిరి ఇంజనుకు ‘అంతిమ్ సితారా’ అని పేరిడెను. 1995తో దేశమున బ్రాడ్‌గేజిపై నిత్యము నడచు ఆవిరిబండ్లు ముగిసినవి.

ఇంజనును దాచుటకు 1977లో ఢిల్లీలో జాతీయ రైలు మ్యూజియము వెలసినది. నాటుపడవ రేవును అట్లు మ్యూజియమున దాచుట సులభము కాదు. 2019లో కాళేశ్వరము ప్రాజెక్టు ప్రారంభమైన పిమ్మట ఈ ప్రాంతపు గోదావరి రూపము మారినది. వెనుకకు తన్నిన నీట పంటచేలు మునుగుటను ఏటివొడ్డు రైతులు చూచిరి. 2023లో మేడిగడ్డ వద్ద స్తంభములు కుంగిన తరువాత నీటి నిలువ మరల మారినది. పూర్వము ఇసుకతిన్నె ఎంతవరకుండెను, గట్టు ఎచటనుండెను, బాట ఎటు పోయెను అని రేపటి బాలుడు అడిగినచో, పెద్దల నోటిమాట తప్ప వేరు సాక్ష్యము కావలయును గదా! ఒక పాత ఛాయాచిత్రము అట్టి సాక్ష్యము. అది వేడుక వస్తువు మాత్రమే కాదు, ఊరి దస్తావేజు.

అయితే పేరులేని చిత్రము మూగసాక్షి. వెనుక తేది, స్థలము, ఏ దిక్కునుండి తీసినది, అందున్నవారెవరు అను నాలుగు మాటలు వ్రాయనిచో ముప్పది యేండ్లకు దానిని గుర్తించువారుండరు. నేడు ప్రతి చేతిలోను కెమెరా గల ఫోను ఉన్నది, చిత్రములకు కొదువలేదు. ఫోను పాడైననాడు వేలచిత్రములు ఒక్కసారిగా నశించుచున్నవి. గాజుపలక నూరేండ్లకు పైగా నిలిచినది, దానిని భద్రపరచిన చేతులు ఉండుటచేతనే.

ఈ పని గ్రంథాలయమునకు తగినది. ఇండ్లలోని పాత పెట్టెలలో పెండ్లి ఫోటోలుండును. వాని వెనుక కూలిన బురుజో, పూడిన బావియో, ఆగిన గిర్నియో కనబడుచుండును. యజమాని అనుమతితో ప్రతి తీసి, వివరము వ్రాసి, చెదలు, తేమ చేరకుండ దాచవలెను. గురుతుపట్టగల వృద్ధులు ఉన్నంతలోనే ఇది జరుగవలెను. వారు గతించిన పిమ్మట చిత్రము మిగిలినను దాని కథ మిగులదు.