ఆటో అంటే ఖుద్

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా స్కూల్లో ఒక ఫారం ఇచ్చారు. అందులో 'తండ్రి వృత్తి' అని ఒక గడి. మా అబ్బాజాన్ గాజువాక ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు దించి, విప్పి, మళ్లీ బిగించే మిస్త్రీ. ఆ మాట రాయడానికి నాకు షరమ్ అనిపించింది. ఇంగ్లీషులో 'ఆటోమొబైల్ ఇంజినీర్' అని రాసేశాను.

సాయంత్రం దస్తఖత్ కోసం ఆయన ముందు పెట్టాను. ఆయనకు ఇంగ్లీషు చదవడం రాదు. బేరింగుల మీద నంబర్లు, డబ్బాల మీద కంపెనీల పేర్లు మాత్రం గుర్తుపట్టేవారు. ఆ గడిలో మొదటి నాలుగు అక్షరాలు కూడా గుర్తుపట్టారు. రోజూ షెడ్ల బోర్డుల మీద చూసేవే కదా.

"ఆటో అని రాశావేంరా? నేనేమన్నా ఆటో నడుపుతున్నానా?"

"కాదు అబ్బా, ఆటో అంటే బండి."

"బండి అంటే బండి. ఆటో అంటే ఏంటి?"

నా దగ్గర జవాబు లేదు. ఆయన దస్తఖత్ చేసి పానా పట్టుకుని లేచిపోయారు. ఉర్దూలో సవాల్ అంటే ప్రశ్న. అదే మాట తెలుగులోకి వచ్చి సవాలు అయింది, 'దమ్ముంటే రా' అనే అర్థం తెచ్చుకుంది. ఆ రోజు నాకు రెండూ ఒకేసారి ఎదురయ్యాయి. చాలా ఏళ్ల తర్వాత, ఆయన లేనప్పుడు, ఆ సవాల్‌కి జవాబు వెతకడం మొదలుపెట్టాను.

ముందు మన వాడుక చూద్దాం. విశాఖలో 'ఆటో' అంటే మూడు చక్రాల బండి. అందులో అనుమానం లేదు. అమెరికాలో, జర్మనీలో 'ఆటో' అంటే కారు. మా బంధువుల అబ్బాయి ఒకడు డెట్రాయిట్ వెళ్లి, 'ఆటో ఇండస్ట్రీలో ఉద్యోగం వచ్చింది' అని ఫోన్ చేశాడు. మా నానీ రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. 'అంత ఖర్చు పెట్టి చదివించింది అక్కడికెళ్లి ఆటో నడపడానికా?' అని ఆమె బాధ.

పల్లెటూళ్లో రైతు 'మోటారుకు ఆటో పెట్టించాను' అంటే అది ఆటో స్టార్టరు. అర్ధరాత్రి కరెంటు రాగానే మనిషి లేకుండానే బోరు మోటారును తిప్పుతుంది. కరెంటు వచ్చిన క్షణంలో ఊరిలోని మోటార్లన్నీ ఒక్కసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతుంది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు 'ఇక ఆటో స్టార్టర్లు తీసేయండి' అని రైతులను అడగాల్సి వచ్చింది. బట్టలుతికే మిషన్లో ఆటో ఉంది, ఫోన్ కెమెరాలో ఆటో ఉంది. ఇన్నిటికీ ఒకటే మాట ఎలా కుదిరింది?

ఆ మాట గ్రీకుల సొత్తు. 'ఆటోస్' అంటే తాను, స్వయం. మన ఉర్దూలో ఖుద్. ఇంతే. ఈ ఒక్క తాళంచెవితో ఎన్ని తాళాలు తెరుచుకుంటాయో చూడండి:

ఆటోమేటిక్: దానంతట అదే జరిగేది. ఖుద్‌బఖుద్.

ఆటోబయోగ్రఫీ: తన కథ తానే రాసుకోవడం. తెలుగులో ఆత్మకథ, ఉర్దూలో ఖుద్‌నవిష్త్.

ఆటోనమీ: తన ఖానూన్ తానే చేసుకోవడం. స్వయంప్రతిపత్తి, ఖుద్‌ముఖ్తారీ.

ఆటోక్రాట్: తానొక్కడే ఏలేవాడు. నిరంకుశుడు.

ఆటాప్సీ: అసలు అర్థం తన కళ్లతో తాను చూడటం. ఆసుపత్రిలో శవపరీక్షకు ఆ పేరు స్థిరపడింది.

అథెంటిక్: అసలైనది అని మనం వాడే ఈ మాటలోనూ ఆటోస్ ఉంది. స్వయంగా చేసినవాడు, హక్కుదారు అనే గ్రీకు మాట నుంచి వచ్చింది. అదే గ్రీకు మాట తుర్కుల నోట్లో పడి 'ఎఫెండీ' అయింది. అంటే మనం ఎంతో అదబ్‌తో పలికే ఎఫెండీ సాహెబుకూ, సిగ్నల్ దగ్గర అడ్డంగా దూరే మూడు చక్రాల ఆటోకూ చుట్టరికం ఉందన్నమాట!

ఆటోగ్రాఫ్: తాను స్వయంగా రాసింది.

ఈ చివరి మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. సంతకానికి ఉర్దూలో దస్తఖత్. దస్త్ అంటే చెయ్యి, ఖత్ అంటే రాత. తెలుగులో పాతమాట చేవ్రాలు. అందులోనూ చెయ్యి, వ్రాలు. గ్రీకువాడు 'నేను' అన్నచోట మన రెండు భాషలూ 'చెయ్యి' అన్నాయి. ఆ ఫారం మీద మా అబ్బాజాన్ గ్రీజు వేలిముద్ర కూడా పడింది. దస్తఖత్ అంటే నాకు ఇప్పటికీ అదే గుర్తొస్తుంది.

ఇక బండి సంగతి. 1886 జనవరి 29న జర్మనీలో కార్ల్ బెంజ్ తన మోటారు బండికి పేటెంటు అడిగాడు. దానికీ మూడే చక్రాలు! గుర్రం లేకుండా కదిలే ఇలాంటి బండ్లకు ఫ్రెంచివాళ్ల పుణ్యమా అని 'ఆటోమొబైల్' అనే పేరు స్థిరపడింది. ఆటో గ్రీకు, మొబైల్ లాటిన్. తనంతట తాను కదిలేది అని అర్థం. ఇరాన్ వాళ్లు దాన్ని అచ్చంగా ఫార్సీ చేసుకుని 'ఖోద్రో' అన్నారు. ఖుద్‌గా వెళ్లేది. అరబ్బులు మాత్రం కొత్త మాట పుట్టించలేదు. తమ పాత సందూక్ తెరిచి 'సయ్యారా' అనే మాట తీశారు. సూరా యూసుఫ్ చదివినవాళ్లకు తెలుసు, బావిలో పడి ఉన్న యూసుఫ్ అలైహిస్సలాంను పైకి తీసిన బాటసారుల బిడారును అక్కడ సయ్యారా అనే అంటారు. ఈనాడు దుబాయిలో కారుకు అదే పేరు. తెలుగువాళ్లం మొదట మోటారుబండి అన్నాం. తర్వాత మోటారు వదిలేసి బండి మిగుల్చుకున్నాం. సైకిల్ నుంచి పదహారు చక్రాల ట్రైలర్ దాకా ఆటోనగర్‌లో అన్నీ బండ్లే. అబ్బాజాన్ అన్న మాట తప్పేం కాదు.

మూడు చక్రాల ఆటోది ఇంకో దాస్తాన్. 1870 ప్రాంతంలో జపానులో మనిషి లాగే బండి వచ్చింది. పేరు జిన్‌రికిషా. జిన్ అంటే మనిషి, రికి అంటే బలం, షా అంటే బండి. ఇంగ్లీషు నోట్లో నలిగి అది రిక్షా అయింది. అంటే ముందుగా ఊడిపోయింది 'మనిషి'! తర్వాత ఇంజను వచ్చింది, ఆటోరిక్షా అయింది. 1959లో బజాజ్ వాళ్లకు స్కూటర్లు, మూడు చక్రాల బండ్లు తయారుచేసే లైసెన్సు వచ్చాక ఇవి మన వీధుల్లో పెరిగాయి. మనం రిక్షా కూడా వదిలేశాం. మనిషి పోయాడు, బలం పోయింది, బండి పోయింది. ఒట్టి 'ఖుద్' మిగిలింది. కానీ లోపల ఖాకీ చొక్కా వేసుకుని మనిషి కూర్చునే ఉన్నాడు. ఖాకీ అంటే మట్టిరంగు, ఫార్సీ ఖాక్ నుంచి వచ్చింది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాహనమిత్ర పథకం పెట్టి ఏటా 10,000 రూపాయలు ఇస్తామన్నప్పుడు పెట్టిన షరతు, బండి సొంతదై ఉండాలి, తానే నడుపుకోవాలి అని. 'ఆటో' అనే మాటకు ఇంతకంటే సరైన మాయనా ఏ నిఘంటువులోనూ నాకు దొరకలేదు.

ఇప్పుడు మన ఆటోనగర్ తవారీఖ్. విశాఖ రేవును 1933 డిసెంబరులో వైస్రాయ్ విల్లింగ్డన్ ప్రారంభించాడు. 1941లో సింధియా కంపెనీ ఓడల కార్ఖానాకు బాబూ రాజేంద్రప్రసాద్ పునాదిరాయి వేశారు. 1948 మార్చిలో 'జల ఉష' అనే ఓడను నెహ్రూ నీళ్లలోకి దించారు. 1966లో ఉక్కు కార్ఖానా కోసం రాష్ట్రం భగ్గుమంది. ఆ పోరాటంలో 32 మంది ప్రాణాలిచ్చారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 64 గ్రామాల వాళ్లు భూములు, ఇళ్లు వదులుకున్నారు. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు ప్లాంటును జాతికి అంకితం చేశారు.

'విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు' అనే నినాదం అందరికీ తెలుసు. అందులో ఉక్కు మనది, హక్కు అరబీ 'హఖ్'. ఆ ప్రాసలో రెండు భాషలు భుజం భుజం కలిపి నిలబడ్డాయి. అలాగే గ్రీకు ఆటో, సంస్కృత నగరం కలిసి ఆటోనగర్ అయింది. విజయవాడలో 1960లలో జవహర్ ఆటోనగర్ వెలిసింది. తర్వాత గుంటూరు, హైదరాబాదు, ఇంకా ఎన్నో ఊళ్లలో ఆ పేరే పెట్టుకున్నారు. గాజువాక ఒక పక్క రేవుకూ, ఇంకో పక్క ఉక్కు ప్లాంటుకూ మధ్య, జాతీయ రహదారి మీద ఉంది. రేవులో దిగే సరుక్కి లారీ కావాలి, ప్లాంటులో కాగే ఇనుముకి లారీ కావాలి. లారీకి మిస్త్రీ కావాలి. ఆటోనగర్ పుట్టడానికి వేరే వజహ్ అక్కర్లేదు. ఇంజను పని, లేత్ పని, బాడీ కట్టే పని, రేడియేటర్ మాట్లు, టైరు ప్యాచీలు. పెద్ద కార్ఖానాల పక్కన చిన్న కార్ఖానాలు. వాటిలో చాలా షెడ్లకు యజమానీ కూలీ ఒక్కడే. ఖుద్‌ముఖ్తార్.

దానంతట అదే కదిలే యంత్రం మనిషికి చాలా పాత ఖ్వాబ్. హోమర్ 'ఇలియడ్'లో కుంటి కమ్మరి దేవుడు హెఫైస్టస్ చక్రాల బల్లలు చేస్తాడు. దేవతల సభకు అవి వాటంతట అవే వెళ్లి వస్తాయి. అక్కడ వాడిన మాట ఆటోమేటిక్‌కు ముత్తవ్వ. 9వ శతాబ్దంలో బగ్దాదులో బనూ మూసా అనే ముగ్గురు అన్నదమ్ములు 'కితాబుల్ హియల్' రాశారు. 1206లో దియార్‌బకర్‌లో అల్ జజరీ అనే ఉస్తాద్ తన యంత్రాల కితాబు పూర్తిచేశాడు. గుండ్రంగా తిరిగేదాన్ని ముందుకూ వెనక్కూ కదిలే కదలికగా మార్చే క్రాంకుతో నీళ్లు తోడే పంపు బొమ్మ అందులో ఉంది. ఆటోనగర్‌లో ఏ ఇంజను కింద నుంచి క్రాంక్‌షాఫ్టు దించినా నాకు ఆయన పేరు గుర్తొస్తుంది. హియల్ అంటే యుక్తులు. అది 'హీలా'కు బహువచనం. మన ఉర్దూలో హీలా కాస్తా 'హీలా బహానా' అయిపోయి సాకు అనే అర్థంలో మిగిలింది. పని చేసేవాడి యుక్తి, పని ఎగ్గొట్టేవాడి సాకు అయింది! మాటలకు కూడా నసీబ్ ఉంటుంది.

ఆటోనగర్‌లో ఖుద్‌కు ఇంకో మాట కూడా ఉంది. 'సెల్ఫ్'. పాత లారీలను ముందు హ్యాండిల్ దూర్చి, తిప్పి స్టార్టు చేసేవారు. అది వెనక్కి తన్నితే క్లీనరు చెయ్యి విరిగేది. 1912లో కాడిలాక్ కార్లకు చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన కరెంటు స్టార్టరు వచ్చింది. దాన్ని సెల్ఫ్ స్టార్టర్ అన్నారు. మన మిస్త్రీలు స్టార్టర్ వదిలేసి సెల్ఫ్ ఉంచుకున్నారు. 'సెల్ఫ్ కొట్టు', 'సెల్ఫ్ పట్టట్లేదు', 'సెల్ఫ్ పోయింది' అంటారు.

ఈ మధ్య మా భాంజా పాలిటెక్నిక్‌లో చేరాలా, షెడ్డులో కూర్చోవాలా అని నా సలహా అడిగాడు. వాళ్ల నాన్న కూడా మిస్త్రీయే. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 బండ్లు వచ్చాయి. సెన్సార్లు పెరిగాయి. చప్పుడు విని జబ్బు చెప్పే చెవి ఒక్కటే ఇప్పుడు చాలదు, స్కానర్ కావాలి. కరెంటు ఆటోలు వచ్చాయి. వాటిలో ఇంజన్ ఆయిల్ లేదు, పిస్టన్ లేదు, దించడానికి ఏమీ లేదు. 'డ్రైవరు కూడా అక్కర్లేని బండ్లు వస్తున్నాయంట మామూ' అన్నాడు. మొదట జిన్ పోయాడు, ఇక ఖాకీ వంతు.

వాడిని పాలిటెక్నిక్‌కే వెళ్లమన్నాను. సాయంత్రాలు మాత్రం షెడ్డు మానొద్దన్నాను. స్కానర్ చెప్పేది స్కానర్ దగ్గర నేర్చుకో, అది చెప్పనిది మీ నాన్న దగ్గర నేర్చుకో అన్నాను. సరైన సలహా ఇచ్చానో లేదో అల్లాకే ఎరుక. నేను మా అబ్బాజాన్ దగ్గర నేర్చుకోలేదు. ఆ అఫ్సోస్ నాకుంది.

వాడి అప్లికేషన్‌లో కూడా 'తండ్రి వృత్తి' గడి ఉంది. నేను చూస్తూ ఉన్నాను. వాడు 'మెకానిక్, సెల్ఫ్ ఎంప్లాయిడ్' అని రాశాడు. ఏమాత్రం ఆగలేదు. నేను రాయలేకపోయిన మాట అది.

ఆ ఫారం ఇచ్చిన వారంలోనే ఒక రాత్రి, షెడ్డు ముందు ఒక లారీ సెల్ఫ్ పోయి ఆగిపోయింది. అబ్బాజాన్ డ్రైవరును ఎక్కమని, పక్క షెడ్డు వాళ్లను కేకేశారు. నన్నూ పిలిచారు. అయిదుగురం నెట్టాం. ఇంజను అందుకుంది, పొగ వదిలింది, వెళ్లిపోయింది. స్కూలు చొక్కా నిండా గ్రీజు అయిందని నేను ముఖం ముడుచుకున్నాను. ఆయన నవ్వి, తన చేతులు గుడ్డతో తుడుచుకుని, అదే గుడ్డ నాకిచ్చారు.