నలుగురి కళ్లముందు రాతిపని: శిల్ప శిబిరాల చరిత్ర

పూతలపట్టు కూడలి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. చిత్తూరు నుంచి వచ్చే రోడ్డు అక్కడ రెండుగా చీలి, ఒకటి తిరుపతికీ ఇంకొకటి పీలేరు వైపుకూ పోతుంది. ఆ దారిలో గ్రానైటు దిమ్మెలు వేసుకుని పోయే లారీ ఎదురైతే ఈసారి దిమ్మె అంచును గమనించండి. వరసగా నిలువు గాడులు కనిపిస్తాయి. బండలో దగ్గరదగ్గరగా రంధ్రాలు వేసి, వాటి వెంట రాయిని విడదీసిన గుర్తులు అవి. రాయి శిల్పి దగ్గరికి చేరకముందే దాని మీద ఎవరో ఎంతో పనిచేశారు. ఈ పాఠం చదువుతున్నంతసేపూ ఆ గాడులను మనసులో ఉంచుకోండి.

శిల్ప శిబిరం అంటే ఏమిటి? కొందరు శిల్పులు ఒకచోట చేరి, కొన్ని వారాలపాటు ఆరుబయట, జనం చూస్తుండగా రాయి చెక్కుతారు. పూర్తయిన శిల్పాలు సాధారణంగా ఆ ఊరి పార్కులోనో రోడ్డు పక్కనో నిలిచిపోతాయి. ప్రదర్శనశాలలో మనం చూసేది తయారైన వస్తువును. శిబిరంలో చూసేది పనిని. రెండింటికీ చాలా తేడా ఉంది.

ఆధునిక కాలంలో ఈ పద్ధతికి ఆద్యుడిగా కార్ల్ ప్రాంట్ల్ అనే ఆస్ట్రియా శిల్పిని చెబుతారు. ఆయన చదివింది చిత్రకళ. రాతిపని సొంతంగా నేర్చుకున్నాడు. 1959లో ఆస్ట్రియాలో, హంగరీ సరిహద్దుకు దగ్గరగా ఉన్న సాంక్ట్ మార్గరెటన్ క్వారీలో, వేర్వేరు దేశాల శిల్పులు కలిసి పనిచేసే శిబిరం మొదలైంది. రోమన్ల కాలం నుంచీ రాయి తీస్తున్న చోటు అది. వియన్నాలోని సెయింట్ స్టీఫెన్ చర్చికి కూడా అక్కడి రాయి వెళ్లింది. యూరప్ రెండు శిబిరాలుగా చీలి ఉన్న రోజుల్లో, ఆ చీలిక గీతకు దగ్గర్లోనే శిల్పులు కలిసి కూర్చోవడం కళకు మాత్రమే సంబంధించిన విషయం కాదని మీరు గ్రహించగలరు. 1961లో అప్పటి యుగోస్లావియాలోని పోర్టొరోజ్ దగ్గర, 1963లో జపాన్‌లోని మనజురులో ఇలాంటి శిబిరాలు జరిగాయి. తరువాత ఇతర దేశాలకూ, మన దేశానికీ ఈ పద్ధతి వ్యాపించింది.

దీన్ని పూర్తిగా యూరప్ కనిపెట్టిన పద్ధతి అంటే నేను సగమే ఒప్పుకుంటాను. లేపాక్షిలో పూర్తికాని కల్యాణమండపం చూసినవారికి కారణం చెప్పనక్కరలేదు. స్తంభాలు నిలబడ్డాయి, వాటి మీద శిల్పాలు తేలాయి, పైకప్పు లేదు. పని మధ్యలో ఆగిపోయిన పని స్థలం అది. మన దగ్గర పెద్ద రాతిపని ఎప్పుడూ గుంపుగానే, ఆరుబయటే సాగింది. అయితే ఏమి చెక్కాలో నిర్ణయించేది గుడి కట్టించే ప్రభువు, ఆగమం, శిల్పశాస్త్రం. ఆధునిక శిబిరంలో ఆ నిర్ణయం శిల్పిది. కొత్తదనం అక్కడ ఉంది.

ఇక పేర్ల సంగతి. సాంచీ దక్షిణ తోరణం మీద శాతకర్ణి రాజు దగ్గర పనిచేసే శిల్పుల పెద్ద, వాసిష్ఠి కుమారుడు ఆనందుడు ఇచ్చిన దానం నమోదైంది. పట్టదకల్లులో విరూపాక్షాలయం కట్టిన గుండ అనే స్థపతిని బిరుదుతో సత్కరించినట్లు 8వ శతాబ్దపు శాసనం చెబుతుంది. అంటే మన శిల్పులందరూ పేరు వద్దనుకున్న విరాగులు అనే మాట నిజం కాదు. పేరు రాయించగలిగిన స్థానం ఉన్నవారి పేరు రాతికెక్కింది. మిగిలినవారిది ఎక్కలేదు. పాలంపేటలో రామప్ప అనే శిల్పి పేరు జనం నోట నిలిచింది; 1213 నాటి శాసనం మాత్రం గుడి కట్టించిన రేచర్ల రుద్రుని గురించి చెబుతుంది.

మన కాలానికి వద్దాం. హైదరాబాదు హుస్సేన్‌సాగర్‌లోని బుద్ధవిగ్రహం రాయి రాయగిరి దగ్గరిది. ఎస్.ఎం. గణపతి స్థపతి ఆధ్వర్యంలో పదుల సంఖ్యలో శిల్పులు దాన్ని చెక్కారు. 1990 మార్చిలో సాగరంలోకి తీసుకుపోతుండగా విగ్రహం నీటిలో పడిపోయింది, మనుషులు చనిపోయారు. 1992 డిసెంబరులో దాన్ని నిలబెట్టారు. విగ్రహం ఎత్తు ఎంత అంటే విద్యార్థులు టక్కున 58 అడుగులు అంటారు. చెక్కినవారిలో ఇంకొక్కరి పేరు చెప్పమంటే తరగతి నిశ్శబ్దమయ్యేది. నేనూ చెప్పలేకపోయేవాణ్ణి.

తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం 1960లో సంప్రదాయ శిల్ప శిక్షణ సంస్థను స్థాపించింది. అక్కడి విద్యార్థి తాళమానం నేర్చుకుంటాడు: ముఖం కొలతను ప్రమాణంగా తీసుకుని విగ్రహం మొత్తాన్ని లెక్కించే పద్ధతి. ఇలా నేర్చినవాడు, లలితకళా కళాశాలలో చదివినవాడు ఒకే శిబిరంలో కలిస్తే ఏమవుతుంది? ఒకసారి ఒక పట్టణంలో నేను చూశాను. వచ్చిన కళాకారుడు జానెడు మట్టి నమూనా చేసి ఇచ్చాడు. ఆరడుగుల రాయి చెక్కింది ఇద్దరు స్థానిక పనివాళ్లు. చివరిరోజు పెట్టిన ఫలకం మీద ఒక్క పేరే ఉంది. వారిలో చిన్నవాణ్ణి అడిగాను. "మా పేరెందుకు సార్, కూలి ఇచ్చినారు గదా" అన్నాడు. అతనికి కోపం లేదు. నాకే ఉండింది.

దీనికి రాయి స్వభావం కూడా కొంత కారణం. మార్గరెటన్ రాయి మెత్తని సున్నపురాయి. ఒక మనిషి ఉలి, సుత్తితో పని నడిపించుకోగలడు. మన గ్రానైటు అలా లొంగదు. కొన్ని వారాల్లో ముగించాలంటే గ్రైండర్లు, సహాయకులు తప్పనిసరి. అంటే రాయి అడిగేది గుంపు పనిని, ఫలకం చెప్పేది ఒంటరి కళాకారుణ్ణి. క్వారీలో రాయి కొట్టే వడ్డెర కుటుంబాల పేర్లు ఈ లెక్కలోకి రానేరావు.

మీలో ఎవరైనా ఇలాంటి శిబిరంలో పాల్గొంటే, చెక్కడానికైనా చూడటానికైనా, ముందు ముక్కు సంగతి చూసుకోండి. గ్రానైటులో సిలికా ఉంటుంది. ఆ సన్నని పొడి ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ అనే నయంకాని ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. భుజాన తువ్వాలు ముక్కుకు కట్టుకుంటే చాలదు. పొడిని ఆపే సరైన మాస్కు కావాలి, కోసేటప్పుడు నీళ్లు పోయాలి.

తరువాత నోటుపుస్తకం తీయండి. రాయి ఏ క్వారీ నుంచి వచ్చింది, ఎవరు విడదీశారు, మొదటి చెక్కుడు ఎవరిది, నునుపు పెట్టింది ఎవరు అని అడిగి, వారి అనుమతితో పేర్లు రాసుకోండి. శిల్పం వెనక్కి వెళ్లి చూడటం మరవకండి. కొన్నిసార్లు వెనకభాగం చెక్కకుండా వదిలేస్తారు. పూతలపట్టు లారీ మీద చూసిన గాడులు అక్కడ కనబడవచ్చు.