తత్త్వశాస్త్రం, రాజనీతిశాస్త్రం: జంట డిగ్రీ చదువు చరిత్ర

మొదటి డిగ్రీలోనే తత్త్వశాస్త్రాన్నీ రాజనీతిశాస్త్రాన్నీ సమాన ప్రాధాన్యంతో కలిపి చదివే పద్ధతి ఇది. ఇంగ్లండులో అర్థశాస్త్రం కూడా తోడై, పీపీఈ అన్న పొట్టి పేరుతో ఇది ప్రసిద్ధికెక్కింది. న్యూజిలాండ్‌లో ఎక్కువగా బీఏలో రెండు మేజర్ల రూపంలో సాగుతోంది. తెలుగు నేల మీద మూడు సబ్జెక్టుల బీఏ వచ్చాక రాజనీతి బలపడింది, తత్త్వం పలచబడింది.

ఈ రెండు చదువులూ ఎందుకు కలవాలో న్యూజిలాండ్ చరిత్రే చెబుతుంది. ఆక్లండ్ నగరానికి వాయవ్యాన, వైటెమాటా హార్బర్ పైభాగంలో హాబ్సన్‌విల్ అనే శివారు ఉంది. దేశపు తొలి గవర్నర్ విలియం హాబ్సన్ పేరే దానికి పెట్టారు. రాజధాని కోసం ఆయన ఈ చోటునూ పరిశీలించి, చివరికి ఆక్లండ్‌ను ఎంచుకున్నాడు. 1840 ఫిబ్రవరి 6న మావోరీ నాయకులతో వైటాంగి ఒడంబడిక కుదిర్చినవాడు ఈ హాబ్సనే. ఆ ఒడంబడికతో సార్వభౌమాధికారం ఎవరికి దక్కిందన్న వాదన నేటికీ తెగలేదు. 1975లో ఏర్పడిన వైటాంగి ట్రిబ్యునల్, 1840 ఫిబ్రవరిలో సంతకాలు చేసిన నాయకులు తమ సార్వభౌమాధికారాన్ని వదులుకోలేదని 2014లో తేల్చింది. అధికారం ఎవరి చేతిలో ఉందో రాజనీతి చెబుతుంది. అది న్యాయంగా సంక్రమించిందా అని తత్త్వం అడుగుతుంది. ఈ దేశంలో ఒకటి వదిలేసి రెండోది చదివితే చదువు సగమే అవుతుంది.

పాత పొత్తు

రెంటినీ పక్కపక్కన పెట్టడం మనకు కొత్త కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రం విద్యలను నాలుగుగా లెక్కపెట్టింది: ఆన్వీక్షికి, త్రయి, వార్త, దండనీతి. వీటిలో ఆన్వీక్షికి అంటే తర్కంతో కూడిన తత్త్వవిచారం. సాంఖ్యం, యోగం, లోకాయతం దానికిందికి వస్తాయి. మిగతా విద్యలన్నిటికీ అదే దీపమని ఆ గ్రంథం చెప్పింది. రాజ్యపాలన నేర్చేవాడికి మొదటి పాఠం తర్కమేనన్నమాట. గ్రీకు దేశంలో అరిస్టాటిల్ కూడా నీతిశాస్త్ర గ్రంథాన్ని ముగిస్తూ, ఇక రాజ్యవ్యవస్థల చర్చలోకి వెళ్దామన్నాడు.

విశ్వవిద్యాలయ చదువుగా ఈ పొత్తుకు అసలు పుట్టిల్లు స్కాట్లండ్. 1752 నుంచి 1764 దాకా ఆడమ్ స్మిత్ గ్లాస్గోలో నైతిక తత్త్వశాస్త్ర ఆచార్యుడు. ఆయన పాఠాల్లో దైవవిచారం, నీతి, న్యాయసూత్రాలు, రాజ్యం ఆదాయవ్యయాలు అన్నీ ఒకే వరసలో వచ్చేవి. తరవాతి కాలంలో మూడు నాలుగు డిపార్టుమెంట్లుగా చీలిపోయిన సరుకంతా ఒక్క ఆచార్యుడి గొంతులోంచి వినబడేది. విద్యార్థులు పద్నాలుగు, పదిహేనేళ్ల కుర్రాళ్లు. కేంబ్రిడ్జి 1848లో మోరల్ సైన్సెస్ ట్రైపోస్ పెట్టినప్పుడు కూడా తత్త్వంతో పాటు రాజకీయ అర్థశాస్త్రాన్నీ న్యాయశాస్త్రాన్నీ చేర్చింది.

ఒకే చర్చి, రెండు రేవులు

స్కాట్లండ్ నుంచి ఈ పద్ధతి రెండు రేవు పట్టణాలకు చేరింది. ఒకటి న్యూజిలాండ్ దక్షిణ దీవిలోని డునీడిన్, రెండోది మద్రాసు. రెండు చోట్లా దాన్ని తెచ్చింది ప్రెస్బిటేరియన్ చర్చికి చెందిన స్కాట్‌లే. న్యూజిలాండ్‌లోని తెలుగు కుటుంబాలకు ఈ చుట్టరికం తెలిసి ఉండటం మంచిదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఒటాగో ప్రాంతంలో 1848లో వలస నెలకొల్పింది ఫ్రీ చర్చ్ ఆఫ్ స్కాట్లండ్‌కు చెందినవాళ్లు. 1869లో వాళ్లు స్థాపించిన ఒటాగో విశ్వవిద్యాలయం ఆ దేశంలో మొదటిది. 1871లో తరగతులు మొదలైనప్పుడు అక్కడున్నది ముగ్గురు ఆచార్యులే. వాళ్లలో ఒకరైన డంకన్ మెక్‌గ్రెగర్ చెప్పింది మానసిక, నైతిక తత్త్వశాస్త్రం. అప్పుడు మొదటి విద్యార్థిగా పేరు నమోదు చేసుకుని ఆయన తరగతిలో కూర్చున్న రాబర్ట్ స్టౌట్ అప్పటికే డునీడిన్‌లో న్యాయవృత్తి చేపట్టిన యువకుడు. ఆ స్టౌటే 1880లలో దేశ ప్రధాని అయ్యాడు, తరవాత పాతికేళ్లకు పైగా ప్రధాన న్యాయమూర్తిగా ఉన్నాడు. స్త్రీల ఓటు హక్కును గట్టిగా సమర్థించాడు. న్యూజిలాండ్‌లో తత్త్వం, రాజకీయం కలిసిన చదువుకు ఆయనే తొలి సాక్షి.

మద్రాసులో స్కాట్ ప్రెస్బిటేరియన్ల మిషన్ 1837లో మొదలుపెట్టిన బడి, విలియం మిల్లర్ చేతుల్లో మద్రాస్ క్రిస్టియన్ కాలేజీగా ఎదిగింది. కట్టమంచి రామలింగారెడ్డి, సర్వేపల్లి రాధాకృష్ణన్ ఇద్దరూ అక్కడ చదివినవాళ్లే. రాధాకృష్ణన్ తత్త్వంలోకి రావడానికి చేతికందిన పుస్తకాలే కారణం. డిగ్రీ పూర్తిచేసిన బంధువు ఒకాయన తన తత్త్వశాస్త్ర పాఠ్యపుస్తకాలు ఇచ్చేశాడు. కొత్తవి కొనే స్తోమత లేని ఇంట్లో దాంతో సబ్జెక్టు కూడా ఖాయమైపోయింది. వేదాంతంలో నీతికి చోటు లేదన్న మిషనరీల విమర్శకు జవాబుగా ఆయన ఎంఏ వ్యాసం రాశాడు. 1908లో అది పుస్తకంగా వచ్చింది. పాలకుల కళాశాలలో కూర్చుని పాలకుల మతవాదానికి తర్కంతో బదులు చెప్పడం అది. పైకి తత్త్వమే అయినా, అందులో రాజకీయం లేదని ఎవరూ అనలేరు.

ఆక్స్‌ఫర్డ్ ముద్ర

జంట చదువుకు ప్రపంచమంతా తెలిసిన రూపాన్ని ఇచ్చింది ఆక్స్‌ఫర్డ్. అక్కడ గ్రీకు, లాటిన్ సాహిత్యాలతో, ప్రాచీన చరిత్ర, తత్త్వాలతో కూడిన ‘గ్రేట్స్’ చదివినవాళ్లలో చాలామంది అధికారులయ్యేవారు. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక, ప్రాచీన భాషలు రానివాళ్లకూ అలాంటి చదువు కావాలన్న ఆలోచనతో 1920లో తత్త్వం, రాజనీతి, అర్థశాస్త్రం కలిపిన కోర్సు పెట్టారు. దాన్ని ‘మోడరన్ గ్రేట్స్’ అన్నారు. మొదట మూడూ తప్పనిసరి. 1970ల నుంచి మొదటి ఏడాది తరవాత ఒకటి వదిలేసే వీలు కలిగింది. అర్థశాస్త్రం వదిలినవాడికి మిగిలేది తత్త్వం, రాజనీతే. హెరాల్డ్ విల్సన్, ఎడ్వర్డ్ హీత్, డేవిడ్ కామెరాన్, రిషి సునాక్ లాంటి బ్రిటిష్ ప్రధానులు, పాకిస్తాన్‌లో బేనజీర్ భుట్టో, ఆస్ట్రేలియాలో మాల్కమ్ ఫ్రేజర్ ఈ కోర్సు నుంచి వచ్చినవాళ్లే. ఈ జాబితా వల్ల కోర్సుకు పేరొచ్చింది, చిక్కూ వచ్చింది. అధికారానికి మెట్టుగా చూసినంతకాలం, అధికారాన్ని ప్రశ్నించే శక్తి ఆ చదువులో ఎంత ఉందన్న చర్చ వెనక్కి పోయింది.

న్యూజిలాండ్‌లో

రాజనీతి ఇక్కడ విడిగా నిలదొక్కుకోవడానికి కాలం పట్టింది. వెల్లింగ్టన్‌లోని విక్టోరియా కళాశాలలో 1939లో లెస్లీ లిప్సన్ దేశపు తొలి రాజనీతి ఆచార్యుడయ్యాడు. క్రైస్ట్‌చర్చ్‌లోని కాంటర్‌బరీలో 1959లో ఆ విభాగాన్ని నెలకొల్పిన జె. జి. ఎ. పోకాక్, తరవాతి రోజుల్లో రాజకీయ ఆలోచనల చరిత్రకారుడిగా ప్రపంచఖ్యాతి పొందాడు. ఆక్లండ్‌లో రాబర్ట్ చాప్‌మన్ 1960లలో రాజనీతి విభాగాన్ని నిలబెట్టాడు. 1999 నుంచి 2008 దాకా ప్రధానిగా ఉన్న హెలెన్ క్లార్క్ ఆ విభాగంలోనే చదివి, 1981లో పార్లమెంటుకు ఎన్నికయ్యే దాకా అక్కడే పాఠాలు చెప్పింది.

అయితే ఈ రెండు చదువులూ కలిస్తే ఏమవుతుందో చూపిన పుస్తకం కాంటర్‌బరీ, ఆక్లండ్ రాజనీతి విభాగాలకు ముందే, తత్త్వశాస్త్రం చెప్పే ఒక లెక్చరర్ చేతి నుంచి వచ్చింది. యూదు మూలాల వల్ల ఆస్ట్రియాలో ఉండలేని పరిస్థితి ముంచుకొస్తుండగా, కార్ల్ పాపర్ 1937లో వియన్నా విడిచి క్రైస్ట్‌చర్చ్‌లోని కాంటర్‌బరీ యూనివర్సిటీ కాలేజీలో ఉద్యోగానికి చేరాడు. 1938 మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాను కలిపేసుకున్నాడన్న వార్త విన్నాక, ‘ది ఓపెన్ సొసైటీ అండ్ ఇట్స్ ఎనిమీస్’ రాయాలని నిశ్చయించుకున్నాడు. పాఠాల బరువు ఎక్కువ. గ్రంథాలయం చిన్నది. యుద్ధకాలం కావడంతో ఐరోపా మిత్రులతో ఉత్తరాలు ఆలస్యమయ్యేవి. ప్లేటో, హెగెల్, మార్క్స్‌లను ఒక్కొక్కరినే నిలదీస్తూ 1943 నాటికి పూర్తిచేశాడు. లండన్‌లో ప్రచురణకర్త కోసం మిత్రులు ఎర్న్‌స్ట్ గోమ్‌బ్రిచ్, హాయక్ తిరగ్గా తిరగ్గా 1945లో రెండు సంపుటాలుగా వెలువడింది. పాపర్ ప్లేటోను చదివిన తీరు తప్పని వాదించిన పండితులు చాలామంది ఉన్నారు, వాళ్ల వాదనలో బలముంది. అయినా, నియంతల్ని అర్థం చేసుకోవాలంటే రెండు వేల ఏళ్ల వెనకటి తత్త్వగ్రంథం తెరవాలని అన్నవాడు ఆయనే. పాలకులు ఎవరు కావాలి అన్న ప్రశ్నను పక్కనపెట్టి, చెడ్డ పాలకుల్ని నెత్తురు చిందకుండా దించేదెలా అని అడగమన్నాడు. ఎన్నికలంటే ఏమిటో ఆలోచించే విద్యార్థికి ఇంతకంటే పనికొచ్చే ప్రశ్న దొరకడం కష్టం.

ఈ దేశం నుంచి వెళ్లినవాళ్లలో మరో ఇద్దరిని చెప్పుకోవాలి. ఆక్లండ్‌లో పుట్టి, 1966లో ఇక్కడే బీఏ పూర్తిచేసిన సూసన్ మోలర్ ఓకిన్, న్యాయం గురించి రాసిన మహామహులు కుటుంబం గడప దాటి లోపలికి చూడలేదని 1979, 1989లలో వచ్చిన తన రెండు పుస్తకాల్లో నిరూపించింది. ఇంటిపని ఎవరు చేస్తారన్నది కూడా రాజనీతి ప్రశ్నేనని ఆమె వాదన. ఒటాగోలో తత్త్వం, న్యాయశాస్త్రం చదివిన జెరెమీ వాల్డ్రన్ చట్టసభల గౌరవం గురించి, హక్కుల గురించి రాసి పేరు తెచ్చుకున్నాడు.

నేడు ఒటాగోలో తత్త్వం, రాజనీతి, అర్థశాస్త్రం కలిపిన మేజర్ బీఏలో ఉంది. ఆక్లండ్‌లో మాత్రం కలుపుకునే పని ఎక్కువగా విద్యార్థిదే. మూడేళ్ల బీఏ అంటే 360 పాయింట్లు. ఒక్కో కోర్సుకు 15 చొప్పున 24 కోర్సులు. వాటిలో తత్త్వం ఒక మేజర్‌గా, రాజనీతి–అంతర్జాతీయ సంబంధాలు రెండో మేజర్‌గా తీసుకోవచ్చు. ఒకవైపు తర్కం, నీతి, మరోవైపు ఎన్నికలు, విదేశాంగం సాగుతుంటే, రాజకీయ సిద్ధాంతం రెండు విభాగాల్లోనూ కనబడుతుంది. ఆక్స్‌ఫర్డ్ కుట్టి ఇచ్చిన చొక్కా లాంటి కోర్సు ఇది కాదు. స్వేచ్ఛ ఎక్కువ, కానీ దారి చూపేవాళ్లు లేకపోతే రెండు చదువులూ రెండు గదుల్లోనే ఉండిపోతాయి. మొదటి ఏడాదిలోనే రాజకీయ సిద్ధాంతం కోర్సు పట్టుకున్నవాళ్లకు ఆ ఇబ్బంది తక్కువ. దీనికి లా జోడించి కన్‌జాయింట్ డిగ్రీ చేసేవాళ్లూ ఉన్నారు. ఉద్యోగం సంగతి ఏమిటని అడిగే తెలుగు తల్లిదండ్రులకు ఆ దారి కొంత ధైర్యమిస్తుంది.

తెలుగు నేల మీద

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో ఏర్పడింది. తొలి ఉపకులపతి రామలింగారెడ్డి కేంబ్రిడ్జి యూనియన్ చర్చాసంఘానికి ఉపాధ్యక్షుడిగా పనిచేసినవాడు, తెలుగులో అర్థశాస్త్రం మీద పుస్తకం రాసినవాడు. 1931 నుంచి 1936 దాకా ఆ పదవిలో ఉన్న రాధాకృష్ణన్, ఆక్స్‌ఫర్డ్‌లో మోడరన్ గ్రేట్స్ చదివి 1931లో మొదటి తరగతిలో ఉత్తీర్ణుడైన హుమాయూన్ కబీర్‌ను వాల్తేరుకు పిలిపించాడు. కబీర్ ఇక్కడ ఉన్నది కొద్దికాలమే. కానీ ఆక్స్‌ఫర్డ్ కోర్సు మొదలైన పన్నెండేళ్లకల్లా ఆ చదువు విశాఖ తీరానికి చేరింది. ఆయన తరవాత కేంద్ర విద్యామంత్రి అయ్యాడు.

ఆ రోజుల్లో మద్రాసు పద్ధతి ఇంటర్మీడియెట్‌లో చరిత్రతో పాటు తర్కశాస్త్రం చదివేవాళ్లు. రాజకీయాల్లోకి వచ్చిన న్యాయవాదుల వాదనాపటిమకు ఆ లాజిక్ పుస్తకం కొంత కారణం. అటు హైదరాబాదులో 1918లో మొదలైన ఉస్మానియా, ఉర్దూలో ఉన్నత విద్య చెప్పడం కోసం అనువాద సంస్థనే నడిపి, పాశ్చాత్య గ్రంథాలను స్థానిక భాషలోకి తెచ్చింది. 1948–49లో రాధాకృష్ణన్ నాయకత్వంలోని విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ అందరికీ సాధారణ విద్య ఉండాలని సిఫార్సు చేసింది.

తరవాత గాలి మారింది. ఇంటర్‌లో సీఈసీ, హెచ్‌ఈసీ, డిగ్రీలో హెచ్‌ఈపీ, ఈపీపీ వంటి జట్లు స్థిరపడ్డాయి. వాటిలో చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి, ప్రభుత్వ పాలన ఉన్నాయి, తత్త్వం లేదు. ఆంధ్రప్రదేశ్ 2023–24 నుంచి డిగ్రీలో సింగిల్ మేజర్ పద్ధతి తెచ్చింది. దాంతో రెండు శాస్త్రాలను సమానంగా చదివే అవకాశం ఇంకా ఇరుకైంది. 1974లో ఏర్పడిన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రెండు విభాగాలూ ఉన్నా, అవి ప్రధానంగా పీజీ, పరిశోధన స్థాయివి.

నేడు తెలుగు కుర్రాళ్లలో చాలామందికి ఈ రెండు చదువులూ కలిసే చోటు సివిల్స్ కోచింగ్. 2013 నుంచి మెయిన్స్‌లో ఎథిక్స్ ఒక జనరల్ స్టడీస్ పేపరైంది. ఫిలాసఫీ ఆప్షనల్ రెండో పేపర్‌లో సమానత్వం, న్యాయం, స్వేచ్ఛతో పాటు సార్వభౌమాధికారం పాఠం ఉంటుంది. అందులో ఆస్టిన్, బోడిన్, లాస్కీల సరసన కౌటిల్యుడు ఉంటాడు. ఆక్లండ్‌లో పద్దెనిమిదేళ్ల వయసులో మొదలుపెట్టగలిగే చదువును తెలుగు నేల మీద పట్టా పుచ్చుకున్నాక, తరచు ఇంజినీరింగ్ తరవాత, పరీక్ష గడువు తరుముతుండగా చదువుతున్నారు.