తోమా పండగ జూలై 3నే ఎందుకు?

పుట్టినరోజులు చేసుకుంటాం, పోయినవాళ్లకి తద్దినాలు పెడతాం. ఎముకలు ఊరు మారిన రోజుని పండగ చేసుకోవడం విన్నారా? యేసు శిష్యుల్లో ఒకడైన తోమాకి జూలై 3న చేసే పండగ అలాంటిదే. ఆరుద్ర కార్తెలో, మనం విత్తనాల హడావిడిలో ఉన్నప్పుడు వస్తుంది. అప్పుడే ఒక వాదన కూడా లేస్తుంది. మద్రాసు మైలాపూరులో ఉన్నది ఉత్త గొయ్యి, ఎముకలు ఇటలీలో ఉన్నాయని ఒకరంటారు. కాదు, క్రీ.శ. 72లో ఇక్కడే చంపారు, ఇదే అసలు సమాధి అని ఇంకొకరు.

నేను చదివినంతలో ఇద్దరి మాటా సగం సగమే.

తోమా ఇండియాలో చనిపోయాడని చెప్పే పాత పుస్తకం ‘తోమా కార్యములు’. 3వ శతాబ్దంలో సిరియాక్ భాషలో రాశారు. మజ్దాయి అనే రాజు పంపిన సైనికులు కొండ మీద ఈటెలతో పొడిచారని, రాజుల సమాధిలో పెట్టారని ఉంది. ఆ కొండ పేరు గానీ, ఊరి పేరు గానీ లేదు. తర్వాత ఆ రాజు కొడుక్కి జబ్బు చేసింది. ఎముక తీసుకుందామని రాజు సమాధి తెరిస్తే లోపల ఏమీ లేదు. శిష్యుల్లో ఒకరు రహస్యంగా పడమటి దేశానికి తీసుకుపోయారంట. రాజు అక్కడి మట్టే తీసుకుని కొడుకు మెడలో కట్టాడు, నయమైంది. ఇది కథే. కానీ సమాధి ఖాళీ అన్న మాట ఎవరో నిన్నమొన్న కనిపెట్టింది కాదని దీనివల్ల తెలుస్తుంది.

ఆ ఎముకలు చేరిన ఊరు ఎదెస్సా, ఇప్పటి టర్కీలో ఉర్ఫా. 4వ శతాబ్దంలో అక్కడ ఎఫ్రేము అనే భక్తకవి ఉండేవాడు. ఒక వర్తకుడు ఇండియా నుంచి ఎముకలు తెచ్చాడని ఆయన పాటలు కట్టాడు. అలా తెచ్చిన గుర్తుగా నిలిచిందే జూలై 3. 1144లో ఎదెస్సా తురుష్క సేనాని జెంగీ చేతిలో పడింది. ఆ తర్వాత ఎముకలు గ్రీకుల కియోస్ దీవికి చేరాయని చెబుతారు. 1258లో ఇటలీలోని ఓర్తోనా నావికులు అక్కడి నుంచి తమ ఊరికి పట్టుకుపోయారు. ఇప్పటికీ అక్కడి పెద్ద గుడిలోనే ఉన్నాయంటారు.

రోము వాళ్లు మాత్రం చాలాకాలం తోమా పండగని డిసెంబరు 21న చేశారు. ఏడాదిలో పగలు బాగా చిన్నగా ఉండే రోజు. ఇంగ్లండు పల్లెల్లో ఆ రోజు బీద ఆడవాళ్లు ఇంటింటికీ తిరిగి క్రిస్మస్ కోసం గోధుమలు అడిగేవాళ్లు. మనకి ధనుర్మాసంలో హరిదాసు బియ్యానికి వచ్చేదీ ఆ రోజుల్లోనే. చలికాలంలో గాదె నిండినవాడు లేనివాడికి పెట్టాలన్న లెక్క అక్కడా ఇక్కడా ఒకటే.

1969లో కేథలిక్కులు పంచాంగం సవరించారు. క్రిస్మస్ ముందు నాలుగు ఆదివారాల ఆగమన కాలంలో చివరి రోజులు యేసు పుట్టుక కోసమే ఉండాలని తోమాని ఎదెస్సా వాళ్ల జూలై 3కి మార్చారు. ఇవి కాక ఈస్టర్ తర్వాతి ఆదివారం కూడా తోమాదే. గాయాలు చూస్తే గానీ నమ్మనన్న సంగతి ఆ రోజు చదువుతారు. కేరళలో మలయాట్టూరు కొండ ఎక్కేదీ అప్పుడే. ఈస్టరు మన ఉగాది లాగా చంద్రుణ్ని బట్టి జరుగుతుంది కాబట్టి అదీ ఏటా మారుతుంది.

ఇక మైలాపూరు సంగతి. 13వ శతాబ్దం చివర్లో మన మోటుపల్లి గురించి, అక్కడ ఏలుతున్న రాణి గురించి రాసిన మార్కోపోలోనే (ఆమె రుద్రమదేవి అని చరిత్రకారులంటారు) ఈ సమాధి గురించీ రాశాడు. యాత్రికులు అక్కడి ఎర్రమట్టి తీసుకెళ్లి నీళ్లలో కలిపి జ్వరం వచ్చినవాళ్లకి తాగిస్తారన్నాడు. పాత పుస్తకంలో రాజు చేసిందీ అదే కదా!

ఇంకో కథ మన రైతులకి నచ్చుతుంది. 1288లో ఒక దొర తన బియ్యం పెట్టుకోడానికి చోటు చాలక ఆ గుడి తాలూకు ఇళ్లన్నీ నింపేశాడంట. యాత్రికులు దిగడానికి చోటు లేదు. గుడి వాళ్లు ఎంత బతిమాలినా ఖాళీ చెయ్యలేదు. రాత్రి తోమా కలలో కొచ్చి, పంగలకర్ర లాంటిది గొంతుకి ఆనించి, ఖాళీ చేస్తావా చస్తావా అన్నాడంట. తెల్లారేసరికి దొర దారికొచ్చాడు. గోడౌన్లో చోటు దొరక్క తిప్పలు పడే మనకి ఆ దొర మీద కొంచెం జాలి కూడా కలుగుతుంది!

1523లో పోర్చుగీసు వాళ్లు అక్కడ తవ్వితే కొన్ని ఎముకలు, ఈటె మొన, మట్టి ఉన్న కుండ దొరికాయని రాసుకున్నారు. ఇప్పుడు కనిపించే పెద్ద గుడి 1896 నాటిది.

ఎదెస్సా పాటలు ఇండియా అని చెబుతాయి తప్ప మైలాపూరు అని కాదు. ఇటలీ ఎముకల వల్ల మైలాపూరు అబద్ధమైపోదు, ఈటె మొన దొరకడం వల్ల రుజువైపోనూ పోదు. ఎముకల గురించి ఎన్ని ఊళ్లు కొట్టుకున్నా, మన జనం ఏడొందల ఏళ్లుగా ఆ మట్టి కోసం వెళ్లారన్నది మాత్రం రాతలో ఉంది. నాకు అదే గట్టి సంగతి అనిపిస్తుంది.

మన వైపు నుంచి మైలాపూరు వెళ్లొచ్చినవాళ్లు ఉంటే చెప్పండి, ఇప్పటికీ మట్టి తెచ్చుకుంటున్నారా?