మెతుకు విలువ

జగదేవ్‌పూర్‌లో మా పెద్దత్తయ్య ఉండేది. విస్తట్లో ఎవరైనా నాలుగు మెతుకులు వదిలి లేచారంటే ఇక చూసుకోండి! "మెతుకు సీమల ఉండి మెతుకు ఇడిసి లేస్తరా బిడ్డా?" అనేది. కొత్త కోడలిని కదా, ఆ మాట నాకు చురుక్కుమంది. అందులో ఎంత చరిత్ర ఉందో తర్వాత గానీ తెలిసిరాలేదు.

జగదేవ్‌పూర్ 2016లో సిద్దిపేట జిల్లాలోకి వెళ్ళింది గానీ, అంతకు ముందు మెదక్ జిల్లాలోదే. మెదక్‌కు మెతుకు దుర్గమని పాత పేరు. అయితే పేరులో మెతుకున్నంత మాత్రాన కంచంలోకి అన్నం వస్తుందా? అక్కడ యూరప్‌లో మొదటి ప్రపంచ యుద్ధం, ఇక్కడ కరువు! అసలే నోరులేని పల్లెజనం ఏమైపోవాలి?

అప్పటికే మెదక్‌లో స్థిరపడ్డ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ 1914లో చర్చి పని మొదలుపెట్టించాడు. ఊరికే గంజి పోస్తే తీసుకునేవాళ్ళకూ చిన్నతనమే. రాయి మోసినవాళ్ళకు తిండి దొరికింది. పదేళ్ళు సాగింది ఆ పని. నూరడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు, 175 అడుగుల గోపురం. 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. ఆ గోపురం కేసి తలెత్తి చూసినప్పుడల్లా నాకు పాస్నెట్ కన్నా ముందు, నెత్తిన తట్టతో, చంకన బిడ్డతో నడిచిన తల్లులే గుర్తొస్తారు. వాళ్ళ పేర్లు ఏ రాతి మీదా లేవు.

ఆ యుద్ధం రోజుల్లోనే, 1915లో, నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆసుపత్రి వెలిసింది. స్కాట్లండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ దాన్ని నిలబెట్టారు. కన్నవాళ్ళే గడప తొక్కనివ్వని రోగులను ఆ ఇల్లాలు చేత్తో తాకి చూసేది. చాల్‌ముగ్రా జాతి గింజల నూనెను సూదిమందుగా ఇచ్చేవారు.

"అన్నం పెట్టి మతం మార్చారు కదా!" అనేవారున్నారు. నాకూ ఆ సందేహం లేకపోలేదు. ఆకలిగొన్నవాడు అన్నం పెట్టే చేతికి ఎదురుచెప్పగలడా? అడగాల్సిన ప్రశ్నే. కానీ దాని వెంట ఇంకోటి కూడా అడగాలి: బడి గడప ఎక్కనివ్వకుండా, బావి నీళ్ళు ముట్టనివ్వకుండా వాళ్ళను వాకిట నిలబెట్టింది ఎవరు? వాళ్ళు అన్నం కోసమే వెళ్ళారో, 'కూచో' అన్న ఒక్క మాట కోసం వెళ్ళారో మనకేం తెలుసు?

అయినా డిచ్‌పల్లి ఆసుపత్రికి పెద్ద మొత్తం ఇచ్చింది ఎవరనుకున్నారు? రాజా నర్సాగౌడ్ అనే హిందువు! ఆమె ఆయన దేవుణ్ణి కొలవలేదు, ఆయన ఆమె దేవుణ్ణి కొలవలేదు. మధ్యలో రోగికి మంచం దొరికింది.

ఎక్కడైనా ఇదే కథ. ఆఫ్రికాలోని లైబీరియాలో 2003లో అంతర్యుద్ధం ముగిసేసరికి గంటా అనే ఊళ్ళోని మెథడిస్టు ఆసుపత్రి బాగా దెబ్బతింది. దాన్నీ మళ్ళీ నిలబెట్టుకున్నారు. యుద్ధం చేసేవాళ్ళు పోతారు. పురుడు పోసేవాళ్ళు, పలక పట్టించేవాళ్ళు మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి.

మా పెద్దత్తయ్య ఇప్పుడు లేదు. మొన్న మా అబ్బాయి కంచంలో అన్నం వదిలి లేవబోతుంటే, నా నోట ఆవిడ మాటే వచ్చింది, ఆ యాసతో సహా!