పాయింట్ల చరిత్ర: రాచ్‌డేల్ అంగడి నుంచి హోటలు కార్డు దాకా

2023 ఆగస్టులో హెచ్.డి.ఎఫ్.సి. బాంకూ, మారియట్ అనే అమెరికను హోటళ్ళ కంపెనీ కలిసి మన దేశంలో ఒక క్రెడిట్ కార్డు విడుదల చేశాయి. ఏడాదికి 3,000 రూపాయల రుసుము, దానిమీద పన్ను. అందుకు బదులుగా ఏటా ఒక రాత్రి ఉచిత బస, కార్డుతో పెట్టిన ప్రతి ఖర్చు మీదా కొన్ని పాయింట్లు. అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువారి జేబులలో ఇటువంటి కార్డులు చాలాకాలంగా ఉన్నవే. ఇప్పుడు హైదరాబాదులోనూ, విశాఖలోనూ జీతంమీద బ్రతికే మధ్యతరగతికి, అందులో అధ్యాపకులకు కూడా, ఆ ప్రశ్నే ఎదురవుతున్నది: రెండవ ఏడు రుసుము కట్టి ఈ కార్డును ఉంచుకోవడమా, వదులుకోవడమా?

దీనికి సమాధానం చెప్పేవారు కొల్లలుగా ఉన్నారు. వారంతా కార్డు చేతికి వచ్చిన రోజునుంచి లెక్క మొదలుపెడతారు. పాయింటు అనేది ఎక్కడ పుట్టింది, ఎవరి చేతిలోనుంచి ఎవరి చేతిలోకి పోయింది అని అడగరు. అది అడగకుండా వేసిన లెక్కలో, పాయింటుకు ఒక స్థిరమైన విలువ ఉన్నదన్న భ్రమ ముందే చేరిపోతుంది. కనుక చరిత్రతోనే మొదలుపెడదాం.

కొన్నవానికి, కొన్నదానిని బట్టి, కొంత తిరిగి ఇవ్వాలన్న పద్ధతిని ప్రపంచానికి నేర్పింది హోటలు యజమానులు కారు, బాంకులు కావు. ఇంగ్లండులో లాంకషైరు జిల్లాలోని రాచ్‌డేల్ పట్టణపు నేతపనివారూ, తదితర శ్రామికులూ. 1844 డిసెంబరు 21న టోడ్ లేన్ అనే వీధిలో 28 మంది కలిసి ఒక చిన్న అంగడి తెరిచారు. వారు కూడబెట్టిన మూలధనం 28 పౌనులు. అమ్మినవి వెన్న, పంచదార, పిండి, ఓట్ల పిండి, కొవ్వొత్తులు. ఆ కాలపు కార్మికుని స్థితి తెలిస్తేగాని ఈ అంగడి విలువ తెలియదు. యజమాని దుకాణంలో తప్ప మరెక్కడా చెల్లని బిళ్ళలతో కూలి ముట్టజెప్పే పద్ధతిని 1831 చట్టం నిషేధించింది. నిషేధించినా అది వెంటనే చావలేదు. బయటి దుకాణదారు అప్పు పెట్టి, ఆ అప్పు చూపించి కల్తీ సరుకు అంటగట్టేవాడు. అప్పున్న మనిషి అంగడి మార్చలేడు గదా!

రాచ్‌డేల్ వారు మూడు నియమాలు పెట్టుకున్నారు. సరుకులో కల్తీ ఉండరాదు. అప్పు అమ్మకం ఉండరాదు, రొక్కం ఇచ్చే కొనాలి. మిగిలిన లాభాన్ని ఎవరెంత కొన్నారో ఆ నిష్పత్తిలో సభ్యులకు పంచాలి. ఈ మూడవదానినే డివిడెండు అన్నారు. అది బహుమానం కాదు, దయ కాదు. తమ కొనుగోళ్ళనుంచే పుట్టిన మిగులు తమకే తిరిగి రావడం. పైగా అది నాణేలలో లెక్క కట్టేది. దాని విలువను నిర్ణయించేది సభ్యుల సమావేశం. ఖాతా పుస్తకాలు ఆ సభ్యుల ముందే ఉండేవి. మదరాసులో 1904లో స్థాపించిన ట్రిప్లికేను సహకార సంఘం కూడా ఈ రాచ్‌డేల్ బాటలోనే నడిచినది.

ఇక్కడ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. కొన్నవానికి తిరిగి ఇచ్చే ఈ పద్ధతి పుట్టినప్పుడు అప్పుకు శత్రువు. నేడు అది ఎక్కువగా అప్పు కార్డుమీదనే కనిపిస్తుంది.

వర్తకులు ఈ పద్ధతిలోని ఆకర్షణను గ్రహించారు. అందులోని యాజమాన్యాన్ని మాత్రం తీసేశారు. 1896లో అమెరికాలో స్పెర్రీ అండ్ హచిన్సన్ అనే కంపెనీ పుట్టింది. అది ఆకుపచ్చ స్టాంపులు అచ్చువేసి దుకాణాలకు అమ్మేది. దుకాణదారు కొన్నవారికి స్టాంపులిచ్చేవాడు. గృహిణులు వాటిని పుస్తకాలలో అంటించి, నిండిన పుస్తకాలిచ్చి కంపెనీ గిడ్డంగిలో దీపమో, దుప్పటో తెచ్చుకునేవారు. స్టాంపుల ఖరీదు సరుకు ధరలో కలిసిపోయేది. ఇక అంటించకుండా పోయిన స్టాంపులు, సొరుగులలో మిగిలిపోయినవి? అవి కంపెనీకి నికర లాభం. పాయింట్ల వ్యాపారానికి నేటికీ ఇదే జీవనాడి.

బ్రిటనులో ఈ స్టాంపుల పిచ్చి 1963 నాటికి ముదిరింది. మరుసటి ఏడే పార్లమెంటు ఒక చట్టం చేసింది. ప్రతి స్టాంపు మీదా దాని నగదు విలువ అచ్చువేయాలి. ఒక పరిమితికి మించి స్టాంపులున్నవారు వస్తువు బదులు డబ్బు అడిగితే ఇవ్వాలి. బూర్జువా పార్లమెంటే అయినా అది చేసిన మంచి పని ఇది. నేటి హోటలు పాయింటు మీద అటువంటి అంకె ఏదీ లేదు.

1978లో అమెరికా ప్రభుత్వం విమాన కంపెనీలమీద ధరల అదుపు ఎత్తివేసింది. పోటీ వచ్చింది. 1981 మేలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన విమానాలెక్కేవారికి మైళ్ళ లెక్కన బహుమానాలు ప్రకటించింది. 1983లో హాలిడే ఇన్, మారియట్ హోటళ్ళు అదే పద్ధతి చేపట్టాయి. 1987లో హిల్టను వచ్చి చేరింది. ఇందులోని కిటుకు ఏమిటంటే, టిక్కెట్టుకూ గదికీ డబ్బిచ్చేది కంపెనీ, పాయింట్లు పుచ్చుకునేది ఉద్యోగి. ఖరీదైన గదిని ఎంచుకోమని ఉద్యోగికి ఇచ్చే చిన్న లంచం అన్నమాట. ఈ లంచానికి వామపక్షాలవారు అతీతులు కారు. జర్మనీలో డెమోక్రటిక్ సోషలిజం పార్టీ నాయకుడు గ్రెగొర్ గీజీ, ప్రభుత్వపు పనిమీద వచ్చిన మైళ్ళను సొంత ప్రయాణానికి వాడుకున్నందుకు 2002 జూలైలో బెర్లిను నగర ఆర్థిక వ్యవహారాల మంత్రి పదవి వదులుకోవలసి వచ్చింది.

ఇక కార్డు కథ వేరే దారిలో వచ్చింది. 1950లో న్యూయార్కులో డైనర్స్ క్లబ్ మొదలైనది. 1958లో బాంక్ ఆఫ్ అమెరికా కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో పట్టణంలో 60,000 కార్డులను, అడగని వారికి కూడా, టపాలో పంపింది. 1978లో అక్కడి సుప్రీంకోర్టు, బాంకు తాను రిజిస్టరయిన రాష్ట్రపు వడ్డీరేటునే దేశమంతటా వసూలు చేయవచ్చునన్నది. బాంకులు వడ్డీకి హద్దులేని రాష్ట్రాలకు తరలిపోయాయి. ఆ తరువాత హోటలూ బాంకూ కలవడం సహజమే. బాంకు హోటలు దగ్గర పాయింట్లు టోకున కొని, కార్డుదారులకు చిల్లరగా పంచడం మొదలుపెట్టింది.

టోకున కొని అన్నమాట అలంకారం కాదు. 2020లో మహమ్మారివల్ల హోటళ్ళు ఖాళీ అయినాయి. గదులు కొనేవారు లేరు, అయినా పాయింట్లు కొనేవారున్నారు. ఆ ఏప్రిల్‌లో హిల్టను తన పాయింట్లను అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కంపెనీకి ముందుగానే అమ్మి వంద కోట్ల డాలర్లు తెచ్చుకున్నది. మే నెలలో మారియట్ తన కార్డు భాగస్వాములనుంచి 92 కోట్ల డాలర్లు రాబట్టింది. జూనులో హిల్టను తన కార్యాలయాలలో 2,100 ఉద్యోగాలు తీసివేసింది. మనుషులను ఇళ్ళకు పంపిన నెలలలోనే, ముందెప్పుడో ఇవ్వవలసిన రాత్రులను అచ్చువేసి అమ్మారు!

అచ్చువేసేవాడే విలువ నిర్ణయించే నాణేనికి ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఏ గదికి ఎన్ని పాయింట్లో తెలిపే పట్టికను హిల్టను 2017లో తీసివేసింది. మారియట్ 2022 మార్చిలో అదే పని చేసింది. ఇప్పుడు గది ధర ఏ రోజుకారోజు మారినట్టే పాయింట్ల ధరా మారుతుంది. ఈ సందర్భంలో ఒక కార్డు చరిత్ర ప్రత్యేకంగా చెప్పుకోవాలి. అమెరికాలో ఐ.హెచ్.జి. హోటళ్ళ పేరున చేజ్ బాంకు ఇచ్చిన కార్డుకు ఏడాది రుసుము 49 డాలర్లు. రుసుము కట్టినవారికి ఏటా ఒక రాత్రి, ఆ కంపెనీ హోటళ్ళలో ఎక్కడైనా, ఎంత ఖరీదైన గది అయినా ఉచితం. ఉంచుకోవాలా, వద్దా అన్న ప్రశ్నే లేని కార్డు అది. 2018 మేనుంచి ఆ రాత్రికి 40,000 పాయింట్ల హద్దు పెట్టారు. ఖరీదైన హోటళ్ళు జారిపోయాయి, రుసుము మాత్రం నిలిచింది. ఆ ఏడే 89 డాలర్ల రుసుముతో మరో కార్డు తెచ్చారు. కార్డుదారుల సమావేశం జరగలేదు, ఓటు లేదు. రాచ్‌డేల్ నేతగానికి ఉన్నదీ, ఈ కార్డుదారుకు లేనిదీ ఇదే.

మరి ఈ ఉచిత రాత్రికి డబ్బు ఎవరిస్తారు? కార్డు గీసిన ప్రతిసారీ దుకాణదారు నుంచి బాంకులు నూటికి రెండు రూపాయల చుట్టూ పట్టుకుంటాయి. దుకాణదారు దానిని అందరి ధరలోనూ కలుపుతాడు. కార్డున్నవానికి పాయింట్ల రూపంలో కొంత తిరిగి వస్తుంది. రొక్కమిచ్చేవానికి ఏమీ రాదు. 2010లో బోస్టను ఫెడరల్ రిజర్వు బాంకు ఆర్థికవేత్తలు ఈ లెక్క తేల్చారు. అమెరికాలో రొక్కం వాడే కుటుంబం సగటున ఏడాదికి 149 డాలర్లు కార్డులు వాడే కుటుంబాలకు సమర్పించుకుంటున్నది. ఆదాయాన్ని బట్టి చూస్తే, ఏటా 20,000 డాలర్లు మించని కుటుంబం 21 డాలర్లు పోగొట్టుకుంటున్నది. లక్షన్నర డాలర్లూ ఆపైన ఉన్న కుటుంబం 750 డాలర్లు అందుకుంటున్నది. యూరపులో 2015 చట్టం క్రెడిట్ కార్డుమీద బాంకు తీసుకునే ఈ వాటాను నూటికి 0.3కు కుదించింది. అక్కడ కార్డుల బహుమానాలు బక్కచిక్కిపోయాయి. మూలం ఏదో అంతకంటె స్పష్టంగా తెలియదు. మన దేశంలో 2020 జనవరినుంచి యు.పి.ఐ. చెల్లింపులమీద దుకాణదారుకు ఆ భారం లేదు. క్రెడిట్ కార్డుమీద ఉన్నది. బంగారపు కొట్టులో కార్డు చూపగానే రెండు శాతం ఎక్కువ అడగడం మన పాఠకులకు అనుభవమే.

గదిలో పక్క సర్దే మనిషి ఈ లెక్కలలో కనిపించదు. 2000ల చివర స్టార్‌వుడ్ హోటళ్ళు (2016 నుంచి అవి మారియట్‌వి) ఒక పథకం పెట్టాయి. ఈ రోజు గది శుభ్రం చేయనక్కరలేదని చెప్పిన అతిథికి కొన్ని పాయింట్లు. పర్యావరణ రక్షణ అని దానికి పేరు. పని గంటలు తగ్గాయనీ, మూడు రోజుల మురికిని ఒకేసారి కడగవలసి వస్తున్నదనీ పనివారు మొత్తుకున్నారు. అంటే ఆమె కూలిలోంచి కోసిన ముక్కనే అతిథికి పాయింట్లుగా పంచారు. 2018 అక్టోబరులో ఎనిమిది అమెరికా నగరాలలో సుమారు 7,700 మంది మారియట్ కార్మికులు సమ్మె చేశారు. ఒక్క ఉద్యోగంతో బ్రతకగలగాలి అన్నది వారి నినాదం. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆ సమ్మె డిసెంబరు దాకా సాగింది.

ఇటువంటి కార్డు జేబులో ఉండడమే పాపమని కొందరు మిత్రులు వాదిస్తారు. నేను అంగీకరించను. ఒక అధ్యాపకుడు కార్డు వదిలినంత మాత్రాన దుకాణదారునుంచి తీసే రెండు శాతం ఆగదు. దానిని ఆపేది యూరపులోవలె చట్టమే. సమ్మె జరిగే హోటలులో ఉచిత రాత్రి గడపరాదు. అది వేరే సంగతి, అందులో వాదానికి తావులేదు. కార్డును ఉంచడం, మానడం మాత్రం అంకగణితం. ఆ అంకగణితాన్ని రూపాయలలో చేయాలి, పాయింట్లలో కాదు.

మన దేశపు కార్డునే తీసుకుందాం. నూటికి 18 పన్ను కలిపి రుసుము 3,540 రూపాయలు. వచ్చేది 15,000 పాయింట్లు మించని గదిలో ఒక రాత్రి. గడువు ఒక ఏడాది. ఆ గది అద్దె 9,000 అని హోటలు చెప్పవచ్చు. మీకు దాని విలువ 9,000 కాదు. ఈ కార్డే లేకపోతే ఆ ఊరిలో ఆ రాత్రికి మీరు ఎంత పెట్టేవారు? 1,500 రూపాయల లాడ్జిలో దిగేవారైతే మీకు మిగిలింది 1,500, పోయింది 3,540. (ఉచిత రాత్రిలో మరునాటి ఇడ్లీ కలిసిలేదని కూడా మరువరాదు. నక్షత్రాల హోటలులో దాని ధర చూసినవారికి తెలుసు.) ఏటా ఎలాగూ సొంత డబ్బుతో అటువంటి హోటలులో ఒక రాత్రయినా గడిపేవారికి మాత్రమే ఈ రుసుము గిట్టుతుంది.

పాయింట్ల సంగతి ఇంకా తేలిక. కార్డు మొదలైనప్పుడు మామూలు ఖర్చుమీద 150 రూపాయలకు రెండు పాయింట్లిచ్చారు. ఆ లెక్కన 15,000 పాయింట్లు కావాలంటే 11 లక్షల 25 వేల రూపాయలు ఖర్చు పెట్టాలి. అందుకని వాటికోసం ఒక్క రూపాయి అదనంగా కదిలించడం తెలివితక్కువ. ఇక బాకీ నిలిపేవారి విషయంలో లెక్కే అక్కరలేదు. వడ్డీ నెలకు మూడున్నర శాతం చుట్టూ ఉంటుంది. పదివేల బాకీని ఏడాది మోస్తే వడ్డీయే 4,200. ఒక రాత్రి బసకు తన ఇల్లు తాకట్టు పెట్టుకోవడం వంటిదిది. ఒక్క నెల బాకీ నిలిపే అలవాటున్నా కార్డు వదలాలి.

అమెరికాలోనివారికీ సూత్రం ఇదే, అంకెలు వేరు. 2018నాటి మారియట్ కార్డుకు రుసుము 95 డాలర్లు, రాత్రికి హద్దు 35,000 పాయింట్లు. పట్టిక పోయిన తరువాత ఆ హద్దులో ఏ ఊరి ఏ గది వస్తుందో నిరుటి అనుభవాన్నిబట్టి చెప్పలేము. వెళ్ళదలచిన తేదీకి చూసుకుని, దొరికితేనే రుసుము కట్టాలి. విహారస్థలాలలోని కొన్ని హోటళ్ళు ఉచిత రాత్రికి కూడా వేరే రుసుము వసూలు చేస్తాయి. దానిని కూడా 95కు కలుపుకోవాలి.

వదలదలచినవారు ఆఖరు బిల్లు పూర్తిగా కట్టి, రుసుము పడే తేదీకి ముందే బాంకుకు వ్రాతపూర్వకంగా తెలియజేయాలి. హోటలు ఖాతాలోకి చేరిన పాయింట్లు కార్డుతోపాటు పోవు, కాని రెండేళ్ళు కదలిక లేకపోతే మారియట్ వాటిని తుడిచివేస్తుంది. 2022లో రిజర్వు బాంకు పెట్టిన నిబంధన ప్రకారం, బాకీ లేని కార్డును మూసివేయమని కోరితే ఏడు పనిదినాలలో మూయాలి. ఆలస్యం చేస్తే రోజుకు 500 రూపాయల చొప్పున బాంకు మీకు చెల్లించాలి, పాయింట్లలో కాదు, రూపాయలలో.