రెండు దేశాల డిఫెండర్లు: ఒక సింహావలోకనం

ఫుట్‌బాల్ చరిత్రను మనం ఎక్కువగా గోల్ కొట్టినవాళ్ల పేర్లతో చెప్పుకుంటాం. డిఫెండర్ పేరు నలుగురి నోళ్లలో నానేది చాలాసార్లు అతను తప్పు చేసిన రోజునే. అయితే రెండు దేశాలు తమవాడని చెప్పుకున్న ఆటగాళ్ల కథ చెప్పాలంటే మాత్రం వెనక వరుస నుంచే మొదలుపెట్టాలి. జాతీయ జట్టు కట్టేవాడు ముందు వెన్నెముక చూసుకుంటాడు. అది సొంత గడ్డ మీద దొరక్కపోతే సముద్రాల అవతల వెతుకుతాడు. ఆ వెతుకులాట తొంభై ఏళ్లుగా ఏ దారిన నడిచిందో గమనిస్తే వలస పాలన, కూలి కోసం ఇల్లు వదిలిన తండ్రులు, పౌరసత్వ చట్టాలు, ఫిఫా నిబంధనలు అన్నీ ఒకే మైదానంలో కనిపిస్తాయి.

ఈ వరుసలో తొలి పేరు లూయిస్ మోంటి. 1901లో బ్యూనస్ ఎయిర్స్‌లో పుట్టాడు, ఇటలీ నుంచి వలస వెళ్లిన కుటుంబం. అప్పటి సెంటర్ హాఫ్ ఇవాళ్టి లెక్కలో సగం డిఫెండరు, సగం మిడ్‌ఫీల్డరు. ప్రత్యర్థి దాడిని నడిమధ్యనే తుంచేయడం అతని పని. 1930లో మాంటెవీడియోలో జరిగిన మొట్టమొదటి ప్రపంచ కప్ ఫైనల్లో మోంటి అర్జెంటీనా తరఫున ఆడాడు. విరామానికి 2-1తో ముందున్న అర్జెంటీనా చివరికి ఉరుగ్వే చేతిలో 4-2తో ఓడింది. మరుసటి ఏడాది యువెంటస్ క్లబ్ అతన్ని ఇటలీకి రప్పించుకుంది. 1934లో రోమ్‌లో ఇటలీ నీలి జెర్సీ తొడుక్కుని చెకోస్లొవేకియా మీద 2-1తో గెలిచి కప్పు అందుకున్నాడు. రెండు దేశాల తరఫున రెండు ప్రపంచ కప్ ఫైనళ్లు ఆడినవాడు నాటికీ నేటికీ అతనొక్కడే. వలస వెళ్లినవాళ్ల సంతానాన్ని ఇటలీ తన పౌరులుగానే లెక్కగట్టేది. సైన్యంలో పనిచేయాల్సిన బాధ్యత ఉన్నవాడికి జట్టులో చోటెందుకు ఉండకూడదన్నది కోచ్ విట్టోరియో పోజ్జో వాదన. కాదనలేని వాదనే. కానీ ఆ రోజుల్లో ఆటగాడి మనసు ఎటుందని అడిగినవాళ్లు తక్కువ, అతని కాళ్లు ఎవరికి కావాలన్నదే లెక్క.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇదే దారిలో నడిచినవాడు హోసే శాంటామారియా. మాంటెవీడియోలో స్పెయిన్ మూలాలున్న ఇంట పుట్టి, 1954 ప్రపంచ కప్‌లో ఉరుగ్వే రక్షణకు ఆధారంగా నిలిచాడు. 1957లో రియల్ మాడ్రిడ్‌లో చేరి, 1962 ప్రపంచ కప్ నాటికి స్పెయిన్ జట్టులో ఉన్నాడు. అదే టోర్నీలో హంగరీ నుంచి వచ్చిన పుష్కాష్ కూడా స్పెయిన్‌కే ఆడాడు. 1958లో బ్రెజిల్‌కు ఆడిన అల్టఫీనీ ఇటలీ జెర్సీలో కనిపించాడు. డబ్బున్న దేశాలు తయారైన ఆటగాళ్లను ఇలా లాగేసుకుంటుంటే ఫిఫా తలుపు మూసింది. ఒక దేశానికి ఆడినవాడు మరో దేశానికి ఆడరాదన్న నియమం ఆ తర్వాత గట్టిపడింది. శాంటామారియా మాత్రం స్పెయిన్‌లోనే స్థిరపడి, 1982 ప్రపంచ కప్ స్పెయిన్‌లో జరిగినప్పుడు ఆ జట్టుకు కోచ్ అయ్యాడు.

ఆ తలుపు మూసుకునేలోపే, 1958లో, ఒక డిఫెండర్ ఎదురు దిక్కుగా నడిచాడు. ఆ నడకను ఫుట్‌బాల్ పుస్తకాలు ఇంకా తగినంత గౌరవించలేదని నా అభిప్రాయం. అతని పేరు ముస్తఫా జితూనీ. 1928లో అల్జీర్స్‌లో పుట్టాడు. మొనాకో క్లబ్‌కు సెంటర్ బ్యాక్. ఫ్రాన్స్ జట్టుకు ఆడుతున్నాడు, ఆ వేసవిలో స్వీడన్‌లో జరగబోయే ప్రపంచ కప్‌కు పరిశీలనలో ఉన్నాడు. అప్పటి చట్టం దృష్టిలో అల్జీరియా వేరే దేశం కాదు, ఫ్రాన్స్‌లో భాగం. అక్కడేమో 1954 నుంచి స్వాతంత్ర్య యుద్ధం నడుస్తోంది. ఏప్రిల్‌లో జితూనీ, సెయింట్ ఎతియెన్ స్ట్రైకర్ రషీద్ మెఖ్‌లూఫీ, మరికొందరు అల్జీరియా ఆటగాళ్లు చెప్పాపెట్టకుండా సరిహద్దులు దాటారు. జితూనీ ఇటలీ మీదుగా ట్యునిస్ చేరాడు. అక్కడ జాతీయ విమోచన ఫ్రంట్ పేరున ఒక జట్టు తయారైంది. దేశమే లేని ఆ దేశపు జట్టును ఫిఫా గుర్తించలేదు. అయినా నాలుగేళ్ల పాటు వాళ్లు తూర్పు యూరప్, చైనా, వియత్నాం తిరిగి ఆడారు. ప్రతి మైదానంలో జెండా ఎగరేశారు. జీతం, పేరు, ప్రపంచ కప్ అన్నీ వదులుకున్నవాడు జితూనీ. ఆ కప్‌లో ఫ్రాన్స్ మూడో స్థానం సాధించింది. 1962లో అల్జీరియాకు స్వాతంత్ర్యం వచ్చాక అతను ఆ దేశపు అధికారిక జట్టుకూ ఆడాడు.

తర్వాతి మూడు దశాబ్దాల్లో ప్రవాహం మళ్లీ ఒకే దిక్కున సాగింది. యుద్ధంలో కూలిన ఊళ్లను తిరిగి కట్టుకోవడానికి యూరప్ పిలిచిన కార్మికుల పిల్లలు అక్కడే పుట్టి, అక్కడి అకాడమీల్లో పెరిగి, అక్కడి జెర్సీలే తొడుక్కున్నారు. సైనిక స్థావరాల సంతానం కూడా ఈ లెక్కలోకి వస్తుంది. జర్మనీలో అమెరికన్ సైనికుడికి పుట్టిన థామస్ డూలీ కైజర్స్‌లౌటర్న్ తరఫున జర్మన్ లీగ్ గెలిచి, 1998లో అమెరికా జట్టుకు కెప్టెన్‌గా ప్రపంచ కప్‌కు వెళ్లాడు. ఆ తరం మొత్తానికి పెద్ద తలకాయ మాత్రం మార్సెల్ డెసాయీ. 1968లో అక్రాలో ఘానా తల్లికి పుట్టాడు. ఆమె ఫ్రెంచ్ దౌత్యాధికారిని పెళ్లాడాక నాలుగేళ్ల వయసులో ఫ్రాన్స్ చేరాడు. నాంత్ అకాడమీలో ఆట నేర్చాడు. 1993లో మార్సెయి తరఫున మిలాన్‌ను ఓడించి యూరప్ కప్ గెలిచాడు. ఆ ఏడాదే అదే మిలాన్‌లో చేరి, మరుసటి ఏడాది ఏథెన్స్ ఫైనల్లో బార్సిలోనా మీద నాలుగో గోల్ తనే కొట్టి మళ్లీ గెలిచాడు. వరుసగా రెండేళ్లు రెండు వేర్వేరు క్లబ్బులతో ఆ కప్పు అందుకున్న తొలి ఆటగాడతను. 1998 ప్రపంచ కప్ ఫైనల్లో రెండో పసుపు కార్డుతో మైదానం వీడాల్సి వచ్చినా ఫ్రాన్స్ 3-0తో బ్రెజిల్‌ను ఓడించింది. మొత్తం 116 మ్యాచ్‌లు ఫ్రాన్స్‌కు ఆడాడు.

2002 మే 31న సియోల్‌లో ప్రపంచ కప్ తొలి మ్యాచ్. ప్రపంచ విజేత ఫ్రాన్స్‌కు డెసాయీ కెప్టెన్. ఎదుట మొదటిసారి అర్హత సాధించిన సెనెగల్. ఆ జట్టులో దాదాపు అందరూ ఫ్రెంచ్ క్లబ్బుల్లో ఆడేవాళ్లే. ఫ్రాన్స్ మిడ్‌ఫీల్డ్‌లో నిలబడ్డ పాట్రిక్ వియేరా పుట్టిందేమో డకార్‌లో. 30వ నిమిషంలో పాపా బూబా డియోప్ కొట్టిన గోల్‌తో సెనెగల్ 1-0తో గెలిచింది. ప్రవాహం దిక్కు మారడానికి ఆ మ్యాచ్ కారణమని చెప్పను. కానీ యూరప్‌లో పెరుగుతున్న ఆఫ్రికా పిల్లలు తాతల దేశపు జెర్సీని కొత్త కళ్లతో చూడటం అక్కడ మొదలైందని నమ్ముతాను.

మన ఊసు కూడా ఇక్కడే రావాలి. అతను డిఫెండర్ కాదు గానీ, 2006లో ఫ్రాన్స్ తరఫున ప్రపంచ కప్ ఆడిన మిడ్‌ఫీల్డర్ వికాష్ దొరాసూ మూలాలు మారిషస్ తెలుగువాళ్లవి. పందొమ్మిదో శతాబ్దంలో కోరంగి వంటి రేవుల నుంచి చెరకు తోటల పనికి ఓడలెక్కినవాళ్ల వంశం అది. అలాంటి బిడ్డ భారత్‌కు ఆడాలనుకుంటే దారి ఇరుకు. మన రాజ్యాంగం 9వ అధికరణం ఇష్టపూర్వకంగా పరాయి పౌరసత్వం తీసుకున్నవారిని భారత పౌరులుగా ఉండనివ్వదు. జాతీయ జట్లకు భారత పాస్‌పోర్టు ఉన్నవారే ఆడాలన్నది ప్రభుత్వ విధానం. బెంగాలీ తల్లి కడుపున పుట్టిన నీల్ టేలర్ లెఫ్ట్ బ్యాక్‌గా వేల్స్‌కు ఆడి, 2016 యూరో కప్‌లో రష్యా మీద గోల్ కొట్టినప్పుడు మనం టీవీల ముందు చప్పట్లు కొట్టాం, అంతే. 1962లో రహీమ్ సాబ్ శిక్షణలో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచిన దేశం ఈ చర్చను ఇంకా ధైర్యంగా జరుపుకోవాలి.

అటు ఫిఫా 2004లో తలుపు కాస్త తెరిచింది. చిన్న వయసు జట్లకు మాత్రమే ఒక దేశం తరఫున ఆడినవాడు, రెండో పౌరసత్వం ఉంటే, వయసు షరతులకు లోబడి మారవచ్చంది. ఆ వెసులుబాటును వాడుకున్న తొలి ఆటగాడు ఒక డిఫెండరే, అంతర్ యాహియా. ఫ్రాన్స్‌లోని మ్యులూజ్‌లో 1982లో పుట్టాడు, ఫ్రాన్స్ కుర్ర జట్లకు ఆడాడు, ఆపై అల్జీరియాను ఎంచుకున్నాడు. 2009లో నసావులో జరిగిన ఫిఫా సమావేశం అల్జీరియా ప్రతిపాదన మీదే వయసు పరిమితిని ఎత్తేసింది. జితూనీని గుర్తించని సంస్థ చేత అతని దేశమే ఇలా నిబంధన మార్పించింది.

అదే ఏడాది నవంబర్‌లో ఆ నిర్ణయానికి బలం చేకూర్చే మ్యాచ్ జరిగింది. ప్రపంచ కప్ అర్హత పోటీలో ఈజిప్ట్, అల్జీరియా పాయింట్లలోనూ గోల్స్‌లోనూ సమానంగా నిలిచాయి. కైరోలో అల్జీరియా బస్సు మీద రాళ్లు పడ్డాయి. ఆ మ్యాచ్ చివర్లో ఇంజురీ టైమ్‌లో పడిన గోల్‌తో ఈజిప్ట్ లెక్క సమం చేసింది. తేల్చుకోవడానికి తటస్థ వేదికగా సూడాన్‌లోని ఒందుర్మాన్ దొరికింది. నవంబర్ 18న, 40వ నిమిషంలో, డిఫెన్స్ మీదుగా ఎగిరొచ్చిన బంతి కుడివైపు ముందుకొచ్చిన యాహియా దగ్గర పడింది. గోల్ అక్కణ్నుంచి సన్నటి కోణంలోనే కనిపిస్తుంది. బంతిని ఆపి, సర్దుకునే వ్యవధి లేదు. బంతిని అలాగే బలంగా కొట్టాడు. అది అడ్డుకర్ర కింది అంచును తాకి లోపలికి దిగింది. 1-0. 1986 తర్వాత మొదటిసారి అల్జీరియా ప్రపంచ కప్‌కు వెళ్లింది. మ్యులూజ్ కుర్రాడు అల్జీర్స్ వీధుల్లో ఇంటి బిడ్డ అయ్యాడు.

2010 జూన్‌లో జోహన్నెస్‌బర్గ్‌లో బెర్లిన్‌లో పుట్టిన అన్నదమ్ములు, ఘానా తండ్రి బిడ్డలు, ఎదురెదురుగా నిలిచారు. తమ్ముడు జెరోమ్ బోటెంగ్ జర్మనీ డిఫెండర్, అన్న కెవిన్ ప్రిన్స్ ఘానా మిడ్‌ఫీల్డర్. ప్రపంచ కప్‌లో అన్నదమ్ములు ప్రత్యర్థులుగా ఆడటం అదే మొదలు. ఒకే తండ్రి బిడ్డలు తీసుకున్న రెండు నిర్ణయాలనూ ప్రజలు అర్థం చేసుకోగలిగారంటే అప్పటికి కాలం ఎంత మారిందో తెలుస్తుంది.

ఈ చరిత్ర అంతా ఒక్క మనిషిలో చూడాలంటే కాలిడూ కులిబాలీని చూడాలి. 1991లో తూర్పు ఫ్రాన్స్‌లోని సెయింట్ డియే అనే చిన్న పట్టణంలో సెనెగల్ తల్లిదండ్రులకు పుట్టాడు. తండ్రి ముందుగా వచ్చి, బట్టల మిల్లులో పనిచేసి, డబ్బు కూడబెట్టి తల్లిని రప్పించుకున్నాడని అతనే రాశాడు. 2002లో ఫ్రాన్స్, సెనెగల్ మ్యాచ్ బడి వేళలో పడితే టీచర్ పుస్తకాలు మూయించి టీవీ పెట్టారని కూడా గుర్తు చేసుకున్నాడు. మెట్జ్ క్లబ్ అతన్ని తయారుచేసింది. 2011లో ఫ్రాన్స్ అండర్ 20 జట్టుకు ఆడాడు, 2015లో సెనెగల్‌ను ఎంచుకున్నాడు. నేపుల్స్‌లోని నాపోలి క్లబ్‌కు ఎనిమిదేళ్లు ఆడి ఆ నగరానికి సొంత మనిషయ్యాడు. 2018 డిసెంబర్ 26న మిలాన్‌లో ఇంటర్ అభిమానులు అతని మీద జాతి దూషణకు దిగారు. ఆట ఆపమని నాపోలి కోరినా రెఫరీ ఆపలేదు. చివర్లో రెఫరీకి చప్పట్లు కొట్టినందుకు కులిబాలీకే ఎర్ర కార్డు పడింది. ఆ రాత్రి అతను తన చర్మానికీ, ఫ్రెంచ్‌వాణ్ని, సెనెగల్‌వాణ్ని, నేపుల్స్‌వాణ్ని అయినందుకూ గర్విస్తున్నానని ప్రకటించాడు. రెండు దేశాల మనిషి తనను తాను ఇంత నిబ్బరంగా పరిచయం చేసుకోవడానికి ఫుట్‌బాల్‌కు ఎనభై ఎనిమిదేళ్లు పట్టింది.

2022 ఫిబ్రవరిలో యౌండేలో ఆఫ్రికా కప్ ఫైనల్. కెప్టెన్ కులిబాలీ పక్కన సెంటర్ బ్యాక్‌గా అబ్దూ డియాలో, అతనూ ఫ్రాన్స్‌లోని తూర్‌లో పుట్టి ఫ్రాన్స్ కుర్ర జట్టుకు ఆడినవాడే. ఈజిప్ట్‌తో పెనాల్టీల దాకా వెళ్లిన ఆటలో తొలి పెనాల్టీ కులిబాలీ, రెండోది డియాలో కొట్టారు. సెనెగల్ మొదటిసారి ఆఫ్రికా విజేత అయింది. అదే ఏడాది నవంబర్ 29న ఖతార్‌లో ఈక్వడార్ మీద గెలిస్తే తప్ప సెనెగల్‌కు ముందుకు దారి లేదు. రెండేళ్ల కిందట సరిగ్గా అదే తేదీన, 2002లో ఫ్రాన్స్ మీద గోల్ కొట్టిన డియోప్ కన్నుమూశాడు. అతని నంబరు 19ని కులిబాలీ కెప్టెన్ పట్టీ మీద రాసుకుని దిగాడు. 67వ నిమిషంలో ఈక్వడార్ స్కోరు సమం చేసింది. 70వ నిమిషంలో ఫ్రీ కిక్ నుంచి తుళ్లి వచ్చిన బంతిని కులిబాలీ కుడికాలితో లోపలికి పంపాడు. జాతీయ జట్టుకు అదే అతని మొదటి గోల్. 2002 తర్వాత సెనెగల్ మళ్లీ నాకౌట్ దశకు చేరింది.

అదే ప్రపంచ కప్‌లో మొరాకో రక్షణ వరుస మరింత దూరం వెళ్లింది. రైట్ బ్యాక్ అష్రఫ్ హకీమీ మాడ్రిడ్‌లో, కెప్టెన్ రొమాన్ సైస్ ఫ్రాన్స్‌లో, లెఫ్ట్ బ్యాక్ నుస్సైర్ మజ్రావీ నెదర్లాండ్స్‌లో పుట్టారు. నాయెఫ్ అగుయెర్ద్ ఒక్కడే మొరాకోలోని కెనిత్రా కుర్రాడు, ఆ దేశం సొంతంగా కట్టుకున్న అకాడమీ పెంచిన బిడ్డ. కోచ్ వలీద్ రెగ్రాగీ కూడా పారిస్ శివార్లలో పుట్టి, 2004 ఆఫ్రికా కప్ ఫైనల్లో మొరాకో రైట్ బ్యాక్‌గా ఆడినవాడు. విదేశాల్లో పుట్టిన పిల్లలు వేరు, ఇంట్లో పెరిగినవాళ్లు వేరు అన్న పాత గొడవకు ఆ జట్టులో చోటివ్వలేదు. సెమీఫైనల్ దాకా వాళ్ల వలలో పడ్డది ఒకే ఒక్క గోల్, అదీ తమవాడి కాలి నుంచే. స్పెయిన్‌తో పెనాల్టీల్లో గెలుపు గోల్ హకీమీదే, పుట్టిన దేశం మీద నెమ్మదిగా లేపి కొట్టిన బంతి. ఆఫ్రికా నుంచి సెమీఫైనల్ చేరిన తొలి జట్టుగా మొరాకో నిలిచింది.

2030 ప్రపంచ కప్‌ను మొరాకో, స్పెయిన్, పోర్చుగల్ కలిసి నిర్వహించబోతున్నాయి. అప్పటికి హకీమీకి 31 ఏళ్లు. డిఫెండర్‌కు అది పెద్ద వయసేమీ కాదు.